పాత నియమమును విడిచి నడచు లైనక్సు యంత్రము

(డుమస్ సముద్రతీరమున కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబ సమ్మేళనమున చదువబడిన ప్రసంగ పాఠము)



సూరతు నగరమునకు నైరుతి దిక్కున, తాపీనది సముద్రమున గలియు చోటికి సమీపమున నున్న ఈ డుమస్ తీరము నల్లని యిసుకకును, టమాటా భజియాలకును ప్రసిద్ధి చెందినది. భజియాలు వేగుచుండగా కంప్యూటరుల చిరునామాలను గూర్చి ప్రసంగమేల యని పిల్లలు విసుగుకొనవచ్చును. కాని ఈ తీరమునకును ఆ విషయమునకును ఒక పోలిక కలదు.

మొగలు చక్రవర్తుల కాలమున పశ్చిమ తీరమునకు సూరతు ఎట్టిదో, తూర్పు తీరమున ఆంధ్రులకు మచిలీపట్నము అట్టిది. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్నమున దిగిరి. కొలది సంవత్సరములకే సూరతున కోఠీ తెరచిరి. తాపీ ముఖమున ఇసుక మేట వేయుటచే పెద్ద ఓడలు నగరము వరకు రాజాలక సువాలి కడ లంగరు వేసెడివి. 1687లో కంపెనీ తన పశ్చిమ తీరపు ప్రధాన స్థానమును బొంబాయికి మార్చుకొనెను. అయినను సూరతు రేవు ఒక్కనాట మూతపడలేదు. చిరకాలము రెండు రేవులును నడచినవి. కంప్యూటరుల లోకమున నేడు జరుగుచున్నదియు అట్టి రేవు మార్పే.

ఇంటర్నెట్టున ఒక యంత్రము మరియొక యంత్రముతో మాటాడవలెనన్న ప్రతి యంత్రమునకును ఒక చిరునామా ఉండవలయును. ఆ చిరునామాలను, వాటి మధ్య సాగు ఉత్తరప్రత్యుత్తరములను శాసించు నియమావళికి ఇంటర్నెట్ ప్రోటోకాల్, అనగా ఐపీ, యని పేరు. దాని నాలుగవ కూర్పు 1981లో వెలువడినది. 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఆర్పానెట్టు అంతయు దానికి మారినది. ఆ కూర్పులోని చిరునామా 32 ద్విసంఖ్యాంకముల పొడవు గలది. కనుక మొత్తము చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే.

నాడు అది అపారముగ తోచినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయ మొక్కదానికే 1 కోటి 67 లక్షల చిరునామాలు లభించినవి. వాటిలో పెద్ద భాగమును ఆ సంస్థ 2017లో అమెజాన్ కంపెనీకి విక్రయించినది. ఆలస్యముగ వచ్చిన దేశములకు పంక్తి చివర కూర్చున్నవారి గతి పట్టినది. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ భాండాగారమున మిగిలిన కడపటి భాగములు పంచబడినవి. అదే సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ నాటికి ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ కడపటి భాగమునకు వచ్చినది. నూటనలుబది కోట్ల జనులుగల భారతదేశమునకు మనిషికొక పాత చిరునామా యన్నది కలలోని మాట.

ఆ కొరతను ఇంతవరకు కప్పిపుచ్చిన ఉపాయము సూరతులోని తెలుగువారికి పరిచితమే. తెలంగాణ జిల్లాల నుండి మగ్గముల పనికై వచ్చిన పద్మశాలి కుటుంబములవారు ఒక గదిలో పదిమంది తల దాచుకొన్న దినములలో ఊరి నుండి వచ్చు ఉత్తరములన్నియు ఎవరో ఒక పెద్దమనిషి 'కేరాఫు' మీద వచ్చెడివి. ఆయన చదివి, ఎవరిది వారికి పంచెడివాడు. నేటి సేవాసంస్థలు చేయుచున్నదియు ఇదే. ఒక్క పాత చిరునామా వెనుక వందలాది గృహములను నిలిపి, ఉత్తరములను పంచుచున్నవి.

ఇందు చిక్కు లేకపోలేదు. ఆ గదిలో ఒకడు తప్పు చేసిన, పోలీసులు గదిలోని పదిమందిని ప్రశ్నింతురు. అట్లే ఒక చిరునామా వెనుక ఒకడు మోసము చేసిన, ఏదో ఒక బ్యాంకు వెబ్‌సైటు ఆ చిరునామానే నిషేధించును. నిరపరాధులును వెలుపల నిలువవలసి వచ్చును. తన పేర తనకు ఉత్తరము రావలెనని కోరుట గొప్పకు గాదు, గౌరవమునకు.

ఈ కొరతకు నివారణగా ఐపీ ఆరవ కూర్పు 1995లో ప్రకటింపబడినది. దాని చిరునామా 128 అంకముల పొడవు గలది. మొత్తము సంఖ్య వ్రాయవలెనన్న 340 వ్రాసి, దాని ప్రక్కన 36 సున్నలు పెట్టవలయును. లైనక్సు కెర్నెలున దీని వ్రాత 1996లోనే చేరినది. అట్లయిన ఇన్ని సంవత్సరములైనను పాతది ఏల పోలేదు?

పెద్దలు 1957 ఏప్రిల్ 1వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. ఆ దినమున నయా పైసలు చెలామణిలోనికి వచ్చినవి. అణాలు వెంటనే రద్దు కాలేదు; రెండును కొంతకాలము కలిసి తిరిగినవి. అణాకు ఆరుంబావు నయా పైసలు గనుక ప్రతి కొట్టులోను మార్పిడి పట్టిక వ్రేలాడెడిది. చిల్లర దగ్గర తగవులును జరిగెడివి. జేబులో అణా ఉన్నంతవరకు కొత్త లెక్క నేర్చుకొను శ్రద్ధ ఎవరికిని కలుగదు. ఒక యంత్రమున రెండు నియమములును ఉన్నప్పుడు సరిగ్గా ఇదే జరుగును. కొత్త మార్గము చెడిన, బ్రౌజరు సద్దు చేయక పాత మార్గమున పోవును. పని జరిగినది గనుక లోపము బయటపడదు. లోపము తెలియవలెనన్న ఒక్క యంత్రమున నైనను పాతదానిని పూర్తిగ ఆపి చూడవలయును. ఈ ప్రయోగమునకు గల ప్రయోజన మిదియే.

ఇక లైనక్సు యంత్రమున ఆ పని చేయు విధానము.

మొదట తంతి వెంట ఆరవ కూర్పు వచ్చుచున్నదో లేదో చూడవలయును. ఇంటి రౌటరు 'ఈ వీధి పేరు ఇది' యని అప్పుడప్పుడు చాటింపు వేయును. యంత్రము ఆ 64 అంకముల వీధి పేరునకు తన 64 అంకముల ఇంటి సంఖ్యను తానే చేర్చుకొని పూర్ణమైన చిరునామా నిర్మించుకొనును. దూరమున నున్న యంత్రమును పాత చిరునామా ద్వారా తెరచి, దానిలో పాత నియమమును ఆపువాడు కూర్చున్న కొమ్మను నరుకుకొన్నవాడగును. కనుక కొత్త చిరునామా ద్వారా లోనికి పోవుట ముందుగ పరీక్షించి, అటు పిమ్మటనే చేయి చేసుకొనవలయును.

రెండవది, నెట్‌వర్క్ మేనేజరు అను కార్యక్రమమున ఐపీవీ4 పద్ధతిని 'డిసేబుల్డ్' అని మార్చిన చాలును. అటుపై యంత్రము పాత చిరునామాను అడుగదు. కెర్నెలు నుండియే పాతదానిని పెకలించివేయుదమని కొందరు ఉత్సాహపడుదురు. కెర్నెలున ఆరవ కూర్పు పాతదానితో కలిసి ఒకే విభాగము క్రింద నున్నది. ఆ విభాగమును తీసివేసిన రెండును పోవును. కనుక పాతదానికి ఇంట చోటుండును, పని మాత్రము ఉండదు.

మూడవది, యంత్రము తనలో తాను మాటాడుకొనుటకు 127.0.0.1 అను పాత చిరునామాను వాడుకొనును. కొత్తదానిలో ఇందుకు ::1 అను చిరునామా కలదు. అయినను అనేక కార్యక్రమములు పాతదానినే నమ్ముకొని వ్రాయబడినవి. ఇది గడప దాటి పోవునది గాదు గనుక ఆరంభమున దానిని కదపకుండుటయే మేలు.

నాలుగవది, పేర్లను చిరునామాలుగ మార్చు డీఎన్ఎస్ సేవకుని చిరునామాయు కొత్తదే కావలయును. దీనిని మరచినవారికి నెట్‌వర్కు బాగుగనే యున్నను ఏ వెబ్‌సైటును తెరచుకొనదు.

అయిదవది, ముఖ్యమైనది: కేవలము పాత నియమముననే యున్న వెబ్‌సైటుల మాట యేమి? ఇందుకు 2011లో రెండు ఉపాయములు ప్రామాణికములైనవి. డీఎన్ఎస్64 అనునది పాత చిరునామాను కొత్తదాని చివర పొదిగి చెప్పును. నాట్64 అనునది నడుమ నిలిచి దుబాసీ పని చేయును. ఈ రెంటిని సేవాసంస్థయో, కార్యాలయపు నెట్‌వర్కు అధికారియో నడపవలయును. పేరునకు బదులు పాత అంకెలనే లోపల వ్రాసికొన్న కార్యక్రమములకు ఇదియు చాలదు. వాటికై యంత్రములోనే ఒక చిన్న దుబాసీని నిలుపవలయును. లైనక్సున క్లాట్‌డి అనునది అట్టిది. ఆండ్రాయిడు ఫోనులలో 2013 నుండి ఇట్టిది కలదు. ఫోను చేతబట్టుకొన్నవారిలో పెక్కురు తెలియకయే కొత్త రేవు నుండి ప్రయాణము చేయుచున్నారు.

ఆరవది, రక్షణ. కేరాఫు పోయి ఇంటికి స్వంత చిరునామా వచ్చినప్పుడు తలుపునకు గొళ్ళెము కూడ స్వంతముగనే వేసికొనవలయును. పాతదానికి వ్రాసిన ఫైర్‌వాలు నిబంధనలు కొత్తదానికి వాటంతట అవి వర్తింపవు. అట్లని ఐసీఎంపీ సందేశముల నన్నిటిని అడ్డగించిన, 'మూట పెద్దదైనది, చిన్నది చేయుడు' అను కబురు కూడ అందక ఉత్తరములు నడిదారిలో నిలిచిపోవును.

ఇట్టి ప్రయోగమునకు వేళ కూడ చూడవలయును. ఒక ఉద్యోగి గృహమును ఊహింపుడు. తండ్రి ఉదయమున ఉత్సాహముతో పాతదానిని ఆపినాడు. సాయంకాలము కుమార్తె పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టబోవ, ఆ వెబ్‌సైటు తెరచుకొనలేదు. గడువు ఆ రాత్రితో ముగియును. తల్లి "ఏమండీ, ఉన్నదానిని ఏల కెలికితిరి?" అన్నది. తండ్రి మారు పలుకక పాతదానిని మరల తెరచినాడు, దరఖాస్తు చేరినది. ఇందు ఆయన నేర్చినవి రెండు: గడువు దినమున ప్రయోగము తగదు, ఆ వెబ్‌సైటు ఇంకను కొత్త రేవునకు రాలేదు. రెండవ సంగతి ఆయన ఆపి చూడకున్న ఎవరికిని తెలిసియుండెడిది గాదు. దానిని ఆ కార్యాలయమునకు మర్యాదగా వ్రాసి తెలుపుట తరువాతి ధర్మము.

ఆ కార్యాలయములలో పనిచేయువారే ఈ సభలో నున్నారు గనుక ఒక మాట. టెలికాం శాఖ 2010 జూలైలో మొదటి మార్గసూచికను, 2013లో రెండవదానిని వెలువరించినది. 2021 నవంబరున ప్రభుత్వ సంస్థలన్నియు 2022 జూన్ 30వ తేదీకి కొత్త కూర్పునకు మారవలెనని గడువు నిర్ణయించినది. అమెరికా ప్రభుత్వము 2020లో మరియొక అడుగు ముందుకు వేసి, తన యంత్రములలో నూటికి 80 వంతులు 2025 ఆర్థిక సంవత్సరాంతమునకు కొత్తదానితోనే నడువవలెనని ఆదేశించినది. ఉత్తరువు ఫైలులో చేరినంత మాత్రమున యంత్రము మారదు. ఏ కార్యక్రమము పాతదానిని పట్టుకొని వ్రేలాడుచున్నదో కనుగొనువాడు ప్రతి కార్యాలయమున ఒక్కడైనను ఉండవలయును. అతనికి ఒక పాత కంప్యూటరును, ఒక ఆదివారమును, కొంత ఓర్పును చాలును.

ఇప్పుడు ఎదుట సముద్రము ఆటుకు వెనుకకు పోయి, దాగిన బురద అంతయు బయటపడుచున్నది. నీరు నిండియున్నంతవరకు క్రింద నేమున్నదో కనబడదు. నీరు తొలగిననాడే పడవవాడు రాతిని గుర్తుపెట్టుకొనును. పాత నియమమును ఒక దినము తొలగించి చూచుటయు అట్టిదే. పిల్లలు భజియాల కొరకు లేచుచున్నారు గనుక ఈ ప్రసంగ మింతటితో సమాప్తము.