వంటపాత్రలు, బలిపీఠపు పాత్రలు



కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం మొదట్లో పౌలు విశ్వాసుల మనసును పరలోకం వైపు తిప్పుతాడు. క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఆ వచనాలు కంఠతా వస్తాయి. కానీ అదే అధ్యాయం చివరికొచ్చేసరికి ఆయన భార్యాభర్తల గురించి, పిల్లల గురించి, యజమానుల కింద ఊడిగం చేసే దాసుల గురించి మాట్లాడుతుంటాడు. చేసే పని యజమానికి కాదు, ప్రభువుకే చేస్తున్నామనుకుని చేయమని ఆ దాసులకు చెబుతాడు. మొదటి వచనాల దగ్గర ఆగిపోయినవాళ్లకు లోకం విడిచి పోవాలనిపించింది. చివరిదాకా చదివినవాళ్లకు వంటిల్లు, పొలం, మంగలి కొట్టు కూడా దేవుడి ముందున్న చోట్లే అని తోచింది. పని చేస్తూనే మనసును దేవుడి దగ్గర నిలుపుకోవాలని చూసిన ఈ రెండోవాళ్ల చరిత్ర కాస్త చెప్పుకుందాం.

నిజానికి లోకం విడిచిపోయినవాళ్లకూ పని తప్పలేదు. ఐగుప్తు ఎడారిలో బతికిన తపస్వుల మాటలను తర్వాతివాళ్లు పోగుచేశారు. అందులో పునీత అంతోని గురించిన మొదటి కథే పని గురించి. అంతోనికి ఒకరోజు విసుగు పట్టుకుంది. ఎంత ప్రార్థించినా మనసు నిలవదు. బయటికి వచ్చి చూస్తే తనలాంటి మనిషే ఒకడు కూర్చుని తాడు పేనుతున్నాడు. కాసేపటికి లేచి ప్రార్థించాడు. మళ్లీ కూర్చుని పేనాడు. మళ్లీ లేచాడు. వచ్చినవాడు దేవదూత అనీ, నువ్వూ ఇలాగే చేస్తే గట్టెక్కుతావని చెప్పాడనీ కథ. ఆ ఎడారిలో సన్యాసులు ఆకులతో బుట్టలు, చాపలు అల్లి అమ్ముకుని బతికేవారు. చేతులకు పని లేకపోతే మనసు ఎటు పోతుందో వాళ్లకు అనుభవమే.

ఈ అనుభవాన్ని ఒక కట్టుబాటుగా మార్చినవాడు ఆరో శతాబ్దపు ఇటలీ సన్యాసి బెనెడిక్టు. మోంటే కాసినో కొండమీద ఆయన మఠం 529 ప్రాంతంలో వెలిసిందని చెబుతారు. తన సన్యాసుల కోసం ఆయన రాసిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి అందరూ కలిసి ప్రార్థించాలి. పిలుపు వినగానే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలి రావాలి. వినడానికి ఇది పట్టాల మీద నడిచే బతుకులా ఉంటుంది. కానీ నాకు నచ్చేవి వంటింటి అధ్యాయాలు. వంట వంతులవారీగా అందరూ చేయాలి. వారం పూర్తయినవాడు శనివారం తువ్వాళ్లు ఉతకాలి. దిగిపోయేవాడూ ఎక్కేవాడూ కలిసి అందరి కాళ్లూ కడగాలి. ఉగ్రాణం చూసే సన్యాసికి ఇంకో మాట చెప్పాడు: మఠంలోని గిన్నెల్ని, పనిముట్లని బలిపీఠం మీది పవిత్ర పాత్రల్లా చూసుకోవాలట. గరిటెకూ ప్రభు భోజనపు గిన్నెకూ మధ్య ఉన్న గీతను ఒక్క వాక్యంతో చెరిపేశాడు. పదిహేను వందల ఏళ్ల కిందట ఇది చిన్న మాట కాదు.

తర్వాతి శతాబ్దాల్లో ఆ గీతను మళ్లీ గీశారు. మఠాల్లోనే చదువుకున్న సన్యాసులు ఒకవైపు, పొలం పనులు చేసే సహోదరులు మరోవైపు అయ్యారు. కీర్తనలు వాళ్లవి, పారలు వీళ్లవి. ఇక మఠం బయట ఉన్న రైతూ కుమ్మరీ, దైవధ్యానం మన పని కాదు, మన తరఫున వాళ్లు చేస్తారులే అనుకోవడానికి అలవాటుపడ్డారు. ఏ మతంలోనైనా ఇది జరిగేదే.

ఆ అలవాటు మీద దెబ్బ కొట్టినవాళ్లలో జర్మన్ మతసంస్కర్త లూథర్ ముఖ్యుడు. ఆయన పెద్ద సిద్ధాంతాలు అందరికీ తెలిసినవే. ఇక్కడ కావలసింది ఒక చిన్న పుస్తకం. విట్టెన్‌బర్గ్‌లో ఆయనకు క్షవరం చేసే పీటర్ బెస్కెండార్ఫ్, ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని అడిగాడు. లూథర్ 1535లో అతని కోసమే ఒక పుస్తకం రాసి అచ్చువేయించాడు. మంగలికి అర్థమయ్యే పోలికే తీసుకున్నాడు: కత్తి పట్టినవాడు కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనలోనూ చూపు అంతే నిలకడగా ఉండాలి అని. పరలోక ప్రార్థననీ పది ఆజ్ఞలనీ ఒక్కొక్కటే తీసుకుని నెమ్మదిగా ఆలోచించే దారి చూపించాడు. ఆ పుస్తకానికి ఒక చేదు వెనక కథ ఉంది. అదే ఏడాది ఈస్టరు రోజుల్లో బెస్కెండార్ఫ్ భోజనాల దగ్గర మద్యం మత్తులో అల్లుణ్ని పొడిచి చంపాడు. లూథర్ కూడా కల్పించుకుని మాట్లాడటంతో ఉరి తప్పి దేశబహిష్కారంతో పోయింది. భక్తి పుస్తకాల ముందుమాటల్లో ఈ ముక్క ఎక్కువగా కనబడదు. ఉండాలని నా అభిప్రాయం. మంచి పద్ధతి చేతికొచ్చినంత మాత్రాన మనిషి మారిపోడని లూథర్‌కే బాగా తెలుసు.

ఇక ఈ చరిత్రలో అందరికంటే పేరున్న వంటవాడి దగ్గరికి వద్దాం. అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లొరేన్‌లోని ఒక పల్లెలో బీద ఇంట్లో పుట్టాడు. ముప్పై ఏళ్ల యుద్ధంలో సిపాయిగా పోయి గాయపడి కుంటివాడయ్యాడు. పద్దెనిమిదో ఏట చలికాలంలో ఆకులన్నీ రాలిన చెట్టు ఒకటి చూశాడు. కొద్దిరోజుల్లో దీనికి మళ్లీ ఆకులొస్తాయి, పూత వస్తుంది, కాయలొస్తాయి అనుకున్నాడు. ఆ క్షణంలో దేవుడి సంకల్పం మీద కలిగిన నమ్మకం జీవితాంతం చెదరలేదని చెప్పుకున్నాడు. తర్వాత పారిస్‌లో ఒక ధనికుడి ఇంట్లో నౌకరుగా కుదిరాడు. అక్కడ తాను ఏది పట్టుకున్నా పగలగొట్టే మొద్దుననీ ఆయనే చెప్పాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. లారెన్స్ అని పేరు పెట్టారు. పండితుడు కాడు గనక వంటింటికి పంపారు.

వంట పని ఆయనకు ఇష్టం లేదు. సహోదరుడు లారెన్స్ బొమ్మలు వేసేవాళ్లు ఎప్పుడూ చిరునవ్వుతో గరిటె పట్టించి వేస్తారు. కానీ ఆయన మాటల్ని రాసిపెట్టిన బోఫోర్ ఆ అయిష్టాన్ని దాచలేదు. ఇష్టం లేని పనిలో దాదాపు పదిహేనేళ్లున్నాడు. కాలు బాగా ఇబ్బంది పెట్టాక కూర్చుని చేసే పని కింద చెప్పులు కుట్టే గదికి మార్చారు. అప్పుడప్పుడు మఠానికి ద్రాక్షారసం కొనడానికి పడవ మీద దూరం పంపేవారు. కాలు సరిగా లేక పడవలో పీపాల మీద పాకుతూ తిరిగేవాడట. బేరసారాలు తనకు చేతకావని తెలుసు. ఈ వ్యవహారం నీది, నువ్వే చూసుకో అని దేవుడితో చెప్పి పనిలో దిగేవాడు.

ఆయన పద్ధతి అంటూ పుస్తకాల్లో వర్ణించేది ఇంతే. పొయ్యి దగ్గర ఉన్నా దేవుడితో మాట్లాడుతూ ఉండటం. పెనం మీద అట్టు తిప్పినా, నేల మీద గడ్డిపరక తీసినా ఆయన మీద ప్రేమతోనే చేయడం. మనసు తప్పిపోయిందా, నా బుద్ధి ఇంతే అని ఒప్పుకుని మళ్లీ రావడం. తప్పిపోయానే అని కుమిలిపోకపోవడం. మోకాళ్ల మీద ఉన్న గంటకూ గిన్నెల చప్పుడు మధ్య ఉన్న గంటకూ తనకు తేడా లేదని చెప్పాడు. అయితే ఆ నిలకడ ఒక్కరోజులో రాలేదు. మఠంలో చేరిన మొదటి పదేళ్లు పాపభయంతో, అయోమయంతో నానా అవస్థ పడ్డానని ఉత్తరాల్లో రాశాడు. లారెన్స్‌ను చదివేవాళ్లు ఆ పదేళ్లను దాటేసి నేరుగా ప్రశాంతత దగ్గరికి వెళ్లాలని చూస్తారు. అక్కడే చాలామంది నిరాశపడతారు.

1691 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది నుంచి బోఫోర్ ఆయన ఉత్తరాలనూ మాటలనూ అచ్చువేయించాడు. ఇంతలో ఫ్రాన్సులో పెద్ద గొడవ రేగింది. దేవుడి ముందు ఊరికే మౌనంగా ఉంటే చాలు, వేరే ప్రయత్నం అక్కర్లేదన్న ధోరణిని కతోలిక సభ తప్పుపట్టింది. లారెన్స్‌ను కలిసి మెచ్చుకున్న ఆర్చిబిషప్ ఫెనెలోన్ పుస్తకాన్నే 1699లో రోమ్ ఖండించింది. దాంతో లారెన్స్ పేరు సొంత దేశంలోనే మరుగున పడిపోయింది. ఆయన్ని కాపాడింది ప్రొటెస్టెంట్లు. ఇంగ్లండులో జాన్ వెస్లీ ఆయన మాటల్ని తన గ్రంథమాలలో చేర్చుకున్నాడు. ఈనాడు కతోలికులూ ప్రొటెస్టెంట్లూ ఇద్దరూ మా వాడే అంటారు.

లారెన్స్ ఒంటరి మనిషి. ఒక ఊరు ఊరంతా ఇదే ప్రయత్నం చేయడం చూడాలంటే జర్మనీకి వెళ్లాలి. మొరేవియా నుంచి మతహింసకు తట్టుకోలేక వచ్చినవాళ్లు 1722లో జింజెండార్ఫ్ ప్రభువు జమీనులో హెర్న్‌హుట్ అనే ఊరు కట్టుకున్నారు. ఎక్కువమంది చేతిపనులవాళ్లు. మొదట్లో వాళ్లలో వాళ్లు బాగా కొట్లాడుకున్నారు. 1727 ఆగస్టులో రాజీపడ్డాక ఇరవై నాలుగుమంది పురుషులు, అంతేమంది స్త్రీలు గంటల చొప్పున పంచుకుని రాత్రింబవళ్లు ప్రార్థన సాగించారు. ఆ పరంపర వందేళ్లకు పైగా నడిచింది. 1728 మే 3 సాయంత్రం జింజెండార్ఫ్ మర్నాటికి ఒక వాక్యం ఇచ్చాడు. తర్వాత అదే అలవాటైంది. పొద్దున్నే ఒకరు ఇంటింటికీ వెళ్లి ఆ రోజు వాక్యం చెప్పేవారు. నేతగాడు మగ్గం మీద, కుమ్మరి చక్రం మీద కూర్చునే ముందు వినేవాడు. 1731 నుంచి ఏడాది వాక్యాలన్నీ పుస్తకంగా వస్తున్నాయి. పాత నిబంధన వాక్యాలను ఇప్పటికీ హెర్న్‌హుట్‌లోనే చీటీలు తీసి ఎంపిక చేస్తారు.

ఇక్కడ మన తెలుగుకు ఒక బంధుత్వం ఉంది. జింజెండార్ఫ్ హాలే పట్టణంలో ఫ్రాంకే నడిపిన బడిలో చదువుకున్నాడు. తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి వచ్చిన మిషనరీలను కుర్రవాడిగా అక్కడే చూశాడు. చెన్నపట్నంలో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ తిరిగి వెళ్లింది కూడా హాలేకే. 1746లో అక్కడ ఆయన లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఉదయం లేవగానే ప్రార్థించి, పాట పాడుకుంటూ సంతోషంగా పనికి పొమ్మనీ, ఇంటి యజమాని ఇంటిల్లిపాదికీ అది నేర్పాలనీ లూథర్ తన ప్రశ్నోత్తరిలో చెప్పాడు.

చీటీల వాక్యం అనగానే మన శ్రోతలకు డిసెంబరు 31 రాత్రి గుర్తొస్తుంది. ఆరాధన అయ్యాక పళ్లెంలోంచి వాగ్దానం కార్డు తీసుకుని, ఏం వచ్చిందని పక్కవాళ్లను అడగని ఇల్లు ఉండదు. కొందరు దాన్ని జాతకంలా చూస్తారు. నచ్చని వాక్యం వస్తే ఇంకోటి తీస్తారు. వాక్యాన్ని ఎలా తీసుకోవాలో తెలియడానికి జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్‌ను చూడాలి. 1939 జూన్‌లో ఆయన హిట్లర్ జర్మనీ వదిలి న్యూయార్క్‌లో క్షేమంగా ఉన్నాడు. 26వ తేదీన చదివిన వాక్యం, చలికాలం రాకముందే వచ్చేయమని పౌలు తిమోతిని బతిమాలినది. రోజంతా అది తనను వదల్లేదని డైరీలో రాసుకున్నాడు. తిరిగి వెళ్లాలని అంతకుముందే తేల్చుకున్నాడు గనక వాక్యం ఆయనకు జోస్యం చెప్పలేదు, నిర్ణయాన్ని గట్టిపరచింది. జూలైలో ఓడెక్కాడు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఉరితీశారు.

మన ప్రాంతంలో ఈ సాధన బాగా వేళ్లూనుకున్నది చదువూ తీరికా లేనివాళ్ల మధ్య. 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని మాల, మాదిగ పల్లెల్లో తిరిగాడు. అక్కడి విశ్వాసులు దొరల పొలాల్లో కూలీలు. పొద్దున ప్రార్థనకు రమ్మంటే కూలి పోతుంది. అందుకే పల్లెల్లో రాత్రి ప్రార్థన ప్రధానమైంది. పొలం నుంచి వచ్చినవాళ్లను పిలిచి, ఉపదేశి దీపం దగ్గర బైబిలు కథ చెప్పేవాడు. అక్షరాలు రానివాళ్లు పరలోక ప్రార్థననూ విశ్వాస ప్రమాణాన్నీ కీర్తనల్నీ వినే నేర్చుకున్నారు. కోలాటాన్నీ భజననీ అజరయ్య ఆరాధనలోకి రానిచ్చాడు. మర్నాడు నాట్లు వేసేచోట గుర్తు రావడానికి పాటకు మించినది లేదు. పల్లె సంఘాల్లో తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడికని పక్కన పెట్టడం కూడా ఈ కోవలోదే. మిజోరంలో 1910 నుంచి ఆ పిడికెడు బియ్యంతోనే సంఘాలు నిలదొక్కుకున్నాయి. బెనెడిక్టు పాత్రల గురించి చెప్పిన మాటను ఈ తల్లులు చదవలేదు. చదవకుండానే ఆచరించారు.

ఈ చరిత్రంతా చూశాక నాకనిపించేది ఒకటే. నిత్యత్వం మీద చూపు నిలిపినవాళ్లెవరూ దాన్ని ఊహలో నిలపలేదు. ఒక గంట, ఒక వాక్యం, ఒక పాట, ఒక పిడికెడు బియ్యం ఆసరా చేసుకున్నారు. ఇప్పుడు మన ఫోనే రోజూ వాక్యం పంపుతుంది, ఆ వెనకే అమ్మకాల ప్రకటనలు ఇరవై పంపుతుంది. అందుకని వాక్యం అందడం కష్టం కాదు, పని మధ్యలోకి దాన్ని తీసుకుపోవడమే కష్టం.

మీ ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఎప్పుడో ఆగిపోయి ఉంటే, దానికోసం పెద్ద ఏర్పాట్లేవీ చేయకండి. అందరికీ వచ్చిన కీర్తన ఒకటి పాడి, ఒక వాక్యం చదివి, పది నిమిషాల్లో ముగించండి. పొద్దున పనికి వెళ్లేవాళ్లకు ఆ వాక్యమే ఇచ్చి పంపండి.