అప్పిచ్చినవాడే హద్దులు గీశాడు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు చాలామందే వచ్చారు. గ్రూప్స్ బిట్లలో ‘1853, బేరార్’ అని మీరు బట్టీ పట్టే ముక్క గురించే ఇవాళ చెప్పబోతున్నాను.

రాజ్యాలు ఎందుకు కూలతాయంటే రోమ్ దాకా పోనక్కర్లేదు. నారాయణగూడ దాటి కోఠీకి వెళ్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. నిజాం ఖజానా మీద పెత్తనం అక్కడి నుంచే సాగింది.

అప్పట్లో శిస్తు వసూళ్లు గుత్తేదార్ల చేతిలో ఉండేవి. సర్కారుకు ముందే సొమ్ము కట్టి, తర్వాత రైతు దగ్గర పిండుకునేవారు. మంత్రి చందూలాల్ పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసేవాడు. అప్పిచ్చినవాళ్లలో పెద్దది పామర్ కంపెనీ. వడ్డీ నూటికి పాతిక దాకా. అందులో భాగస్వామి రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన పిల్ల. ఇక అడిగేదెవరు? అడిగినవాడు ఒక్కడే, రెసిడెంట్ మెట్‌కాఫ్. చివరికి 1823లో పామర్ బాకీ తీర్చడానికి ఈస్టిండియా కంపెనీయే డబ్బిచ్చింది. బదులుగా ఉత్తర సర్కార్ల మీద ఏటా నిజాంకు రావలసిన 7 లక్షల పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. రాబడి పోయింది, ఖర్చు మిగిలింది.

ఆ ఖర్చులో అసలైనది కంటింజెంట్ సైన్యం. జీతాలు నిజాంవి, ఆజ్ఞలు రెసిడెంట్‌వి. తన మాట వినని సైన్యాన్ని అప్పు చేసి మేపిన రాజ్యమిది! ఆ జీతాల బాకీ కిందే 1853 మేలో గవర్నర్ జనరల్ డల్హౌసీ బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ రాయించుకున్నాడు. బేరార్ అంటే పత్తి నేల. ఎనిమిదేళ్లకే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, లాంకషైర్ మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. ఆ లాభం నిజాంది కాకుండా పోయింది.

నన్నడిగితే అప్పు ఎంతన్నది కాదు, దేనికి చేశాం, ఏం తాకట్టు పెట్టాం అన్నదే రాజ్యాన్ని ముంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన బ్రిటన్‌కే ఈ గతి పట్టింది. 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చనివ్వాలన్నది షరతు. 1947 జూలైలో ఆ తలుపు తెరిస్తే డాలర్లు కారిపోయాయి, ఐదు వారాలకే మూసేశారు. చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో!

మళ్లీ మన హైదరాబాద్‌కొస్తే, సాలార్‌జంగ్ దివాన్ అయింది బేరార్ పోయిన నెలలోనే. గుత్తలు తీసేసి జీతగాళ్లైన అధికారులను పెట్టాడు, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిల్లాబందీ తెచ్చాడు, ఖజానాను నిలబెట్టాడు. 1860లో రాయచూర్, ధారాశివ్ తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. 1876లో ఆయన లండన్ వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ఇచ్చింది. బేరార్ మాత్రం ఇవ్వలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించేసుకున్నాడు.