బిడ్డ పుట్టిన తరువాతి రెండేండ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథములను గూర్చి మాట్లాడుట వాడుక. కార్యదర్శిగారు నన్ను శిశువుల ఆరోగ్యమును గూర్చియు, అందులకై ప్రభుత్వములు చేసిన ఏర్పాట్లను గూర్చియు చెప్పుమని కోరినారు. సంతోషముతో అంగీకరించితిని. ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన యేట మన స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టిన ఆడపిల్ల నేడు తల్లియై యుండవచ్చును. ఆమె బాల్యమునకును, ఆమె బిడ్డ బాల్యమునకును నడుమ ఎన్ని చట్టములు వచ్చినవో, వానిలో ఏది ఇల్లు చేరినదో, ఏది గుమ్మము కడనే నిలిచిపోయినదో చూతము.

అంగన్‌వాడీ ఆమెకంటె పెద్దది. 1975 అక్టోబరు 2న దేశమంతట 33 ప్రాంతములలో ప్రారంభమైనది. బడిలో వండి వడ్డించు మధ్యాహ్న భోజనము మనకు ఆలస్యముగా వచ్చినది. మద్రాసు రాష్ట్రమున కామరాజు నాడార్ 1956లోనే దానికి పూనుకొనగా, మన పిల్లలు 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తరువు వెలువడి, 2003 వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను. 2005 ఆగస్టు 15న 108 వాహనములు హైదరాబాదులో బయలుదేరినవి. 2013లో ఆహారభద్రతా చట్టము ఆరునెలల బిడ్డ మొదలు ఆరేండ్ల బిడ్డ వరకు అంగన్‌వాడీ ఆహారమును హక్కుగా చేసినది. 2015 జనవరి 1 నుండి గర్భిణులకును, బాలింతలకును ఆరోగ్యలక్ష్మి పేరిట కేంద్రములోనే పూటభోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చు ఏర్పాటు జరిగినది.

వీనికి ఫలము లేకపోలేదు. తెలంగాణలో వేయి జననములకు 2014లో 35గా నుండిన శిశుమరణములు 2020 నాటికి 21కి తగ్గినవి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరిగినట్లు తేలినది. మంత్రసాని, చీకటిగది, కొడవలితో కోసిన బొడ్డు అను మాటలు మన పిల్లలకు కథలుగానే మిగులుట చిన్న విషయము కాదు.

కాని ఆ సర్వేలోనే మరియొక పుట కలదు. వయస్సునకు తగిన ఎత్తు పెరుగని ఐదేండ్లలోపు పిల్లలు 2015-16లో నూటికి 28 మంది యుండగా, ఆ తరువాతి సర్వేలో 33 మందియైరి. రక్తహీనత గలవారు నూటికి 61 నుండి 70కి పెరిగిరి. పథకములు పెరిగినవి, ఆసుపత్రులు పెరిగినవి. బిడ్డ మాత్రము పెరుగలేదు! బ్రతికించుకొనుట నేర్చితిమి గాని పెంచుట నేర్వలేదు. ఈ చిక్కు ఎక్కడ నున్నది?

నాకు తోచినది చెప్పెదను. ఒక్కనాటితో ముగియు పనిని మన ప్రభుత్వ యంత్రము చక్కగా చేయగలదు. నిత్యము చేయవలసిన పని వచ్చుసరికి దానికి చేయి తిరుగదు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను మీలో కొందరు బయటినుండియైనను చూచియుందురు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో మన నగరమునకు తరలివచ్చిన సంస్థ అది. ఆకుకూరయు పాలును ఎరుగని పేదపిల్లలు ఎ విటమిను లేక కండ్లు పోగొట్టుకొను కాలమది. డాక్టరు గోపాలన్‌గారి నాయకత్వమున అచ్చటి శాస్త్రజ్ఞులు, ఆ విటమినును పెద్దమోతాదుగా ఆరునెలలకొకసారి నోట పోసినచో శరీరము దానిని కాలేయములో నిలువచేసికొనునని గుర్తించి, పల్లె పిల్లలలో పరీక్షించిరి. 1970లో అది దేశమంతటికి కార్యక్రమమైనది. ఏడాదికి రెండుమార్లు చెంచాడు మందు, అంతే! నేడు ఆ గ్రుడ్డితనము అరుదైనది. పోలియో చుక్కలును అట్టివే. 2014 మార్చిలో మన దేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడినది.

ఆహారమును ఏడాదికి రెండుమార్లు పోయుటకు వీలులేదు గదా!

మొదటి గంటనే చూడుడు. నూటికి 97 కాన్పులు ఆసుపత్రిలో జరిగిన రాష్ట్రములో, పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 37 మందే. కాన్పులలో నూటికి 60 శస్త్రచికిత్సలు. తల్లి ఒకచోట కుట్లతో, బిడ్డ మరొకచోట బట్టలలో నుండగా, ముర్రుపాలు ఎవరికి జ్ఞాపకము వచ్చును?

ఇక ఆరునెలలు నిండిన బిడ్డ. మూడేండ్లు దాటిన పిల్లవాడు అంగన్‌వాడీకి నడచిపోయి అచ్చట తినును. ఈ పసివాడు నడువలేడు. కనుక అతని పాలు బాలామృతము, నెలకు రెండున్నర కిలోల సంచి, ఇంటికి వచ్చును. ఇంటిలో అన్నలు, అక్కలు గలరు. తీపి పిండి గనుక వారును చేయిచాపుదురు. పేదయింట ఒక్క నోటికి వేరుగా దాచుట ఏ తల్లికిని సాధ్యము కాదు, న్యాయముగాను తోచదు. తల్లియో, పత్తి ఏరు దినములలో తెల్లవారగనే చేనికి పోవును. బిడ్డ అవ్వ ఒడిలోనో, ఏడేండ్ల అక్క చంకలోనో యుండును. బిడ్డకు రోజుకు మూడు నాలుగుమార్లు కొంచెము కొంచెముగా మెత్తని పప్పన్నము, నేయి, గ్రుడ్డు తినిపించవలెనని మేము వైద్యులము సులభముగా చెప్పుదుము. తినిపించు చేయి ఎక్కడ?

చట్టము ఈ తల్లిని ఎట్లు చూచినదో వినుడు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, కార్యాలయములలోను, కర్మాగారములలోను పనిచేయు స్త్రీకి 26 వారముల సెలవు, నిండు జీతము ఇచ్చిరి. మంచిదే. పత్తిచేనిలో కూలికి ఆహారభద్రతా చట్టము వ్రాసినది ఆరువేల రూపాయలకు తక్కువ కాని మొత్తము. ఇద్దరి పాలును ఒకే రకముగా తయారగును. ఇద్దరి బిడ్డలును ఒకే రకముగా ఆకలిగొందురు. 2005 నాటి ఉపాధి హామీ చట్టములో, పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు వచ్చినచో వారిని కనిపెట్టుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఈయవలెనని వ్రాసిరి. ఎంత చక్కని వాక్యము! ఆ కూలి అడిగి పుచ్చుకొన్న వారిని నేను మాత్రము చూడలేదు.

అంగన్‌వాడీ టీచరును నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆమె బరువు తూచును, పుస్తకము నింపును, మరల మరియొక పుస్తకము నింపును. తూచిన బరువు బిడ్డ తండ్రికి తెలియుట లేదు, కష్టము అక్కడనున్నది. పుట్టిన బరువు అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావలెను. వరుసగా రెండు నెలలు ముల్లు కదలనిచో, బిడ్డ ఎంత చలాకీగా నవ్వుచున్నను, అది రోగముతో సమానము. ఆరునెలలు దాటిన బిడ్డ దండచేయి చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గినచో జాగ్రత్తపడవలెను. పదకొండున్నరకు తగ్గినచో ఆలస్యము చేయక వైద్యునికడకు తీసికొనిపోవలెను. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, ఒక కొలత పట్టీ చాలును.

కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. నెలనెల జరుగు తూకపు దినము ఏ తేదియో, ఏ కేంద్రములోనో, పత్రికలుంచు బల్లమీది గోడకు వ్రాసి పెట్టుడు. పత్రిక చదువవచ్చువారు తండ్రులు గనుక. నాట్ల కాలమునను, పత్తి కాలమునను పగటివేళ ఖాళీగా నుండు మన వరండాను పసిపిల్లలకు ఈయగలరేమో, ఒక్క స్త్రీ కూలిని ఎట్లు భరింపవలెనో ఆలోచింపుడు. కొలత పట్టీయు, ఎదుగుదల కార్డును చదువుట నేర్చుకొనదలచిన సభ్యులు పేర్లు ఇచ్చినచో, వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు నేను ఇచ్చటనే యుందును.