బీడునేల – అణ్వస్త్రపు బావి
(అనంతపుర సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మెట్టసీమలో మనము బావి త్రవ్వుట నీటికొరకు. అగ్రరాజ్యములు అణ్వస్త్రములను దాచుటకు బావులు త్రవ్వినవి. వానినే సైలోలందురు. 1962 అక్టోబరులో, క్యూబా సంక్షోభ సమయమున, అమెరికా తన తొలి మినిట్‌మన్ క్షిపణులను మోంటానా మైదానములందు సిద్ధపరచెను. నేటికిని ఐదు రాష్ట్రముల గోధుమచేల నడుమ, పసుల బీళ్ల నడుమ అట్టి బావులు 450 కలవు. చైనాయును తన పడమటి ఎడారులలో రెండువందలకు పైగా త్రవ్వుచున్నట్లు 2021లో ఉపగ్రహ చిత్రములవలన వెల్లడియైనది.

ఇట్టి నేలలనే ఏల ఎన్నుకొనిరి? అచట జనము పలుచన. బావి కదలదు, దాని చోటు శత్రువు ఎఱుగును. తొలి దెబ్బ దానిపైననే పడును. నగరములపై పడవలసిన పిడుగును పల్లెలు మోయవలెనని దీని తాత్పర్యము.

రెండవ కీడు తొందరపాటు. శత్రువు అస్త్రము వచ్చి పడకమున్నే ప్రయోగింపకున్న ఆ క్షిపణి దక్కదు. ఆలోచనకు మిగులునవి నిమిషములే. 1979 నవంబరు 9న అభ్యాసపు టేపు పొరపాటున నడచుటచే అమెరికాకు సోవియట్ దాడి వచ్చినట్లు తోచెను. 1983 సెప్టెంబరు 26న సోవియట్ యంత్రములు అట్లే భ్రమపడగా, పెట్రోవ్ అను అధికారి ఆ హెచ్చరికను నమ్మక నిలిచెను.

శత్రువు లేకయు చేటు కలుగును. అర్కాన్సా రాష్ట్రమున 1965లో ఒక బావిలో నిప్పంటుకొని 53 మంది పనివారు మరణించిరి. అచటనే 1980 సెప్టెంబరులో డమాస్కస్ వద్ద ఒక పనివాని చేతినుండి జారిన పనిముట్టు ఇంధనపు తొట్టిని చిల్లిపొడిచెను. తెల్లవారకమున్నే క్షిపణి ప్రేలి ఒకరు మరణించిరి. 9 మెగాటన్నుల అణ్వస్త్రము బావి వెలుపల పడియు ప్రేలకుండుట భాగ్యము.

మన దేశపు అగ్ని క్షిపణులు వాహనములపై కదలునట్టివి. అణ్వస్త్రమును ముందుగా ప్రయోగింపమని 2003లో మన ప్రభుత్వము ప్రకటించెను. ఈ నిగ్రహమును మేము శ్లాఘింతుము.

మన జిల్లాలో అట్టి బావి లేదు. ఐనను బీడన్నంతనే ఎవరిదియు కాదను తలంపు మనకు దూరమైనది కాదు. పొరుగున చిత్రదుర్గ జిల్లాలో, చెళ్లకెఱె వద్ద, సుమారు 10 వేల ఎకరముల అమృతమహల్ పచ్చికబీళ్లు రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకు కేటాయింపబడెను. అవి క్షిపణి బావులు కావు. కాని గొఱ్ఱెలు మేపి కంబళ్లు నేయువారిని ముందుగా అడుగలేదను ఫిర్యాదు హరిత న్యాయస్థానము వఱకు పోయెను.

2013 భూసేకరణ చట్టపు 40వ సెక్షను దేశరక్షణకై అత్యవసరముగ భూమి గైకొననిచ్చును. అట్టియెడ సామాజిక ప్రభావ విచారణ లేకయు పోవచ్చును. కాని ఆ అధికారము కావలసిన కనీస విస్తీర్ణమునకే చెల్లునని అదే సెక్షను శాసించుచున్నది. ఆ 'కనీస' మను మాటను ప్రతి గ్రామసభయు గట్టిగా పట్టుకొనవలెను.

దేశరక్షణకు మేము విముఖులము కాము. వాన కరవైన నేలయందును వేరుసెనగ పండించువారు, మందలు కాచువారు కలరు. వారును రక్షింపదగిన దేశమే. వారి నడుగక వారి నేలను గుఱిగా నిలుపువాడు ఏ దేశమును కాపాడుచున్నాడో చెప్పవలెను.