బండి ఆగినచోట అడగాల్సిన ప్రశ్నలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సభలో నేను స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడతాను. ఈసారి కార్యదర్శి గారు, "మాస్టారూ, వ్యాన్ రిపేరు ఖర్చు మీద దాతలు అడుగుతున్నారు. దాని బాధ్యత మీదే కదా, మీరే చెప్పండి" అన్నారు. అడగడం దాతల హక్కు. చెప్పడం నా బాధ్యత. నేను మెకానిక్‌ను కాను, పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. నాకు తెలిసింది, నేను చేసిన పొరపాటు, రెండూ చెబుతాను.

మన వ్యాన్ ఏం చేస్తుందో మీకు తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాల్సిన రోజులివి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు వారానికి రెండుసార్లో మూడుసార్లో ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కోసారి నాలుగు గంటల పాటు మంచం మీద ఉండాలి. బస్సులో నిలబడి వెళ్లే ఓపిక వాళ్లకు ఉండదు. అందుకే కంచిలి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వాళ్లను తెల్లవారుజామున ఎక్కించుకుని మన వ్యాన్ పలాస వైపు వెళ్తుంది. ఆ బండి కొనడానికి మీరందరూ చేతికొద్దీ ఇచ్చారు. కొన్న రోజున రిబ్బను కట్టి ఫోటోలు దిగాం.

ఆ బండి ఒక వర్షాకాలపు ఉదయం హరిపురం దాటాక ఆగిపోయింది. లోపల ఇద్దరు రోగులున్నారు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. గంటసేపు హైవే పక్కన కూర్చున్నాక ఒక ఆటో దొరికింది. ఆసుపత్రికి చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. అందులో ఒక పెద్దావిడకు ముందు రాత్రి నుంచే ఆయాసం, కాళ్ల వాపు. సాయంత్రానికి మంచం ఖాళీ అయ్యే దాకా ఆమె వరండాలో గోడకానుకుని కూర్చుంది. అల్లాహ్ దయవల్ల గట్టెక్కింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

బండిని టోచన్ కట్టి ఒక వర్క్‌షాపుకు చేర్చాం. చూసినవాళ్లు, "హై ప్రెజర్ పంపు పోయింది, ముప్పై వేల పైమాటే" అన్నారు. ఆ మాట విని నేను సంతకం పెట్టబోయాను. అంతలో మా డ్రైవర్ తమ్ముడు మెల్లిగా, "సార్, పది రోజులుగా డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది. మీకు చెప్పాను కదా" అన్నాడు. చెప్పాడు, నిజమే. "నెలాఖరులో చూద్దాం" అన్నది నేనే. అది ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని చెప్పే దీపం.

పదో తరగతిలో ఫిజిక్స్‌ను ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన నా పాత విద్యార్థి ఒకడు ఈ చుట్టుపక్కలే ఆటోలు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. వాణ్ణి పిలిపించాను. వాడు పంపు జోలికి పోలేదు. ముందు నన్నే అడిగాడు: "మాస్టారూ, ఎప్పుడు ఆగింది? ఎలా ఆగింది? ఆఖరున డీజిల్ ఎప్పుడు కొట్టించారు? ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?" ఆఖరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వాడు ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులు చేసి ఒక గాజు గ్లాసు పట్టాడు. గ్లాసులో సగం దాకా నీళ్లు, పైన డీజిల్ తేలుతోంది. నీళ్లు తీశాడు, ట్యాంకు అడుగు కడిగాడు, కొత్త ఫిల్టర్ వేశాడు, గాలి తీశాడు. బండి స్టార్టయింది. పంపు బాగానే ఉంది. ముప్పై వేలు అనుకున్నది రెండు వేలలోపు తేలింది.

వర్క్‌షాపు వాళ్లను నేను తప్పు పట్టను. పది రోజులు నీళ్లు తాగిన పంపు నిజంగానే పోయి ఉండొచ్చు. తప్పు ఎక్కడంటే, చవకైన కారణాన్ని చూడకుండా ఖరీదైన కారణానికి సంతకం పెట్టబోవడంలో. లెక్క తప్పిన పిల్లవాణ్ణి "వీడికి బుర్ర లేదు" అనేయడం తేలిక. మంచి మాస్టారు ఏ మెట్టు దగ్గర తప్పాడో చూస్తాడు. బండి దగ్గరా అంతే. ఇంధనం ఒక దారిలో నడుస్తుంది: ట్యాంకు, మూత, గొట్టం, ఫిల్టర్, పంపు, చివరన ఇంజన్లోకి చిమ్మే నాజిల్. ముందున్నవి చవక, వెనకున్నవి ఖరీదు. వెతుకులాట ముందు నుంచి మొదలుపెట్టాలి.

మీలో చాలామందికి మోటార్ సైకిళ్లు, కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు ఉన్నాయి. నా విద్యార్థి నాకు నేర్పిన ప్రశ్నలు మీకూ చెబుతాను.

మొదటిది: సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోందా? తిరగకుండా టక్‌టక్ అంటే అది బ్యాటరీ గొడవ, ఇంధనం గొడవ కాదు. తిరుగుతూ అందుకోకపోతే అప్పుడు ఇంధనం వైపు చూడాలి.

రెండోది: ట్యాంకులో నిజంగా ఇంధనం ఉందా? నవ్వకండి. ముల్లు అబద్ధం చెప్పడం మామూలే.

మూడోది: ఎప్పుడు ఆగుతోంది? మోటార్ సైకిల్ రెండు మూడు కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టవుతోందా? ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పెట్రోలు బయటికి పోయిన మేరకు గాలి లోపలికి రాకపోతే ధార ఆగిపోతుంది. రంధ్రం శుభ్రం చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

మన పిల్లలు గల్ఫ్‌కో, ముంబైకో వెళ్తూ బండిని వసారాలో పెట్టేస్తారు. ఆరు నెలల తర్వాత వచ్చి స్టార్ట్ చేస్తే కాదు. నిలవ పెట్రోలు జిగురు కట్టి కార్బొరేటర్ జెట్‌లను మూసేస్తుంది. పాత పెట్రోలు తీసేసి, కార్బొరేటర్ కడిగిస్తే సరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ సిక్స్ నిబంధన వచ్చాక చాలా మోటార్ సైకిళ్లకు కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో తాళం తిప్పగానే రెండు క్షణాలు సన్నగా జుయ్యిమనే శబ్దం వినాలి. అది ట్యాంకులోని పంపు. శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజు, రిలే, ఎలుక కొరికిన తీగ చూడమనండి, పంపు తర్వాత. ఇంకొకటి, ఆ పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులో తిప్పితే పంపు వేడెక్కి తొందరగా పోతుంది.

డీజిల్ బండి చదును మీద బాగానే నడిచి వంతెన ఎక్కేటప్పుడు లాగకపోతే ముందు డీజిల్ ఫిల్టర్, తర్వాత ఎయిర్ ఫిల్టర్ చూడాలి. పొద్దున స్టార్టయి నిమిషంలో ఆగిపోతే గొట్టాల్లో గాలి దూరుతోందేమో చూడాలి. ఇది మన కొబ్బరి తోటల రైతులకు నేను చెప్పాలా? ఫుట్‌వాల్వు కారితే మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు. గొట్టం నిండా నీళ్లు పోస్తే గాని లాగదు. పీల్చే గొట్టంలో గాలి చేరితే పంపు పనిచేయదన్న సూత్రం నీళ్లకూ డీజిల్‌కూ ఒకటే. 1206లో తన యంత్రాల గ్రంథం పూర్తి చేసిన అల్ జజరీ, రెండు గొట్టాలతో నీళ్లు పీల్చి పైకి తోసే ముషలకపు పంపును అందులో వర్ణించాడు. మన బండిలో పంపు దానికి దూరపు చుట్టమే.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువో, గాలి తక్కువో. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా రేడియేటర్ నీళ్లు లోపలికి చేరుతున్నాయి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు.

ఇక నీళ్ల సంగతి. మనది సముద్రపు గాలి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడ్డ గాలి తేమను వదులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక ఇంటింటా క్యాన్లలో డీజిల్ నిలవ పెట్టుకున్నాం. మూత సరిగా లేని క్యాను వానలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది, గొట్టం పీల్చేదీ అడుగు నుంచే. డీజిల్ పంపుకు ఇంధనమే కాదు, నూనె లాంటి రక్షణ కూడా. నీటికి ఆ గుణం లేదు. పైగా తుప్పు పట్టిస్తుంది. నీరూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ కొంత తేమను తనలో కలుపుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగుకు దిగుతుంది. అందుకని వర్షాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచండి, మూత రబ్బరు బాగుందో లేదో చూసుకోండి.

బంకులో అనుమానం వస్తే అడగడానికి మొహమాటపడకండి. ఫిల్టర్ పేపరు అడగొచ్చు. దాని మీద వేసిన పెట్రోలు చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. సాంద్రత చూపమనొచ్చు. కొలత మీద అనుమానముంటే ముద్ర వేసిన అయిదు లీటర్ల పాత్రతో కొలిచి చూపమనొచ్చు. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి.

చేయకూడనివి నాలుగు. నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తీయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పెట్రోలు వాసన వస్తుంటే బండి ఆపేయండి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. డీజిల్ బండిలో పొరపాటున పెట్రోలు కొట్టిస్తే తాళం కూడా తిప్పకండి, ట్యాంకు ఖాళీ చేయించండి. కొత్త డీజిల్ ఇంజన్ నడుస్తుండగా నాజిల్ గొట్టాలు విప్పనివ్వకండి. అందులో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల పైమాటే. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

దాతలారా, ఇప్పుడు లెక్క చెబుతాను. ఆ రోజు తర్వాత వ్యాన్‌లో ఒక పుస్తకం పెట్టాం. ఎన్ని లీటర్లు కొట్టించాం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, నీళ్లు ఎప్పుడు వదిలాం, అన్నీ డ్రైవర్ రాస్తాడు, నేను సంతకం పెడతాను. ఆ పుస్తకం బయట బల్ల మీద ఉంది, ఎవరైనా చూడొచ్చు. దీపం వెలిగిందని డ్రైవర్ చెబితే ఆ రోజే బండి చూపించాలి, నా అనుమతి కోసం ఆగనక్కర్లేదని తీర్మానం చేశాం.

ఒక్కటే అడుగుతాను. బండి కొనడానికి ఇమ్మంటే మీ చేతులు వెంటనే లేచాయి. ఫిల్టర్‌కు ఇమ్మని అడగడానికి మాకు సిగ్గేసింది. ఆ సిగ్గే ఆ పెద్దావిడను వరండాలో కూర్చోబెట్టింది. ఫిల్టర్‌కు ఎవరూ రిబ్బను కట్టరు, దాని మీద దాత పేరు రాయరు. అయినా డయాలసిస్‌కు వేళకు చేర్చేది అదే. ఈ ఏడు మీరిచ్చే దానంలో కొంత, ఎంత చిన్నదైనా సరే, వ్యాన్ నిర్వహణకని విడిగా రాయండి. మీ సొమ్ము మా దగ్గర అమానత్. బండి కొనడంతో ఆ అమానత్ తీరిపోదు, బండి నడిచినన్నాళ్లూ మా మెడ మీదే ఉంటుంది.

మీ అందరి దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆ బండి ఎక్కే ప్రతి రోగికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.