చదరంగపు గడులలో ఒక మహాసంఖ్య

చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక బియ్యపు గింజను, రెండవ గడిలో రెండింటిని, మూడవ గడిలో నాలుగింటిని ఉంచి, గడిగడికిని రెట్టించుచు పోయినచో అరువది నాలుగు గడులకు ఎన్ని గింజలు కావలెను? సికిందరాబాదు మోండా మార్కెట్టులోని బియ్యమంతయు తెచ్చి పోసినను చాలదు. ప్రపంచమంతటి వరిపంట వందల ఏండ్లది కావలెను. ఆ సంఖ్య 18446744073709551615. సెకనుకు ఒకటి చొప్పున లెక్కించినచో 58 వేల కోట్ల ఏండ్లు పట్టును.

మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించిన మన పావులూరి మల్లన ఈ సంఖ్యను ఒక్క పద్యమున ఇమిడ్చెను. అందు అంకెలకు బదులు పేర్లుండును. చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, శరములనగా ఐదు, ఆకాశమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొని పోయినచో ఇరువది అంకెలును వచ్చును. కాని తాటియాకులకు నకలు వ్రాయునపుడు ఒక్క పదము మారినను సంఖ్య చెడును. గింజలను లెక్కింపలేని మనము ఆ సంఖ్య సరియైనదని ఎట్లు నమ్మవలెను?

మొదటి నాలుగు గడుల మొత్తము 15. తరువాతి నాలుగింటిలో ప్రతి గడియు తనకు నాలుగు గడుల వెనుకనున్న దానికి పదునారు రెట్లు. కనుక ఎనిమిది గడులకును కలిపి 15కు పదునేడు రెట్లు, అనగా 255. ఇట్లే పదునారు గడులకై 255ను 257 చేతను, ముప్పది రెండింటికై ఆ లబ్ధమును 65537 చేతను, అరువది నాలుగింటికై దానిని 4294967297 చేతను గుణింపవలెను. అరువది మూడు కూడికల పని ఇంత సులువుగా తీరును.

ఈ గుణకములలో 17, 257, 65537 ప్రధానసంఖ్యలు. అనగా ఒకటియు తామును తప్ప వేరేదియు వానిని నిశ్శేషముగా భాగింపదు. చివరిదియు అట్టిదేయని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడైన ఫెర్మా తలచెను. అది 641 చేత భాగింపబడునని 1732లో ఆయిలరు చూపెను. ఎంత గొప్పవాని ఊహయైనను లెక్కకు నిలువవలసినదే.

నేటి గణనయంత్రములలో అరువది నాలుగు బిట్లలో వ్రాయదగిన అతి పెద్ద పూర్ణసంఖ్యయు ఇదియే. కాని దీనిని సరిచూచుటకు యంత్రము అక్కరలేదు. ఈ రాత్రి మీ పిల్లలకు కాగితమును, పెన్సిలును ఇచ్చి, 15తో మొదలిడి ఆ నాలుగు గుణకారములు చేయింపుడు. ఇరువది అంకెలును సరిపోయినచో, మల్లన పద్యమునకు మీ ఇంట ఒక సాక్షి ఏర్పడును.