అడుగు వెనుక ఆలోచన
(వయోవృద్ధుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తుంటి ఎముక విరిగినవారికి, పక్షవాతం వచ్చినవారికి మళ్ళీ నడక నేర్పడం నా వృత్తి. "మా అమ్మకు మొండితనం ఎక్కువండీ, చెప్పింది చేయదు" అన్న మాట కుటుంబసభ్యుల నోట తరచుగా వింటుంటాను. అది ఎంతవరకు నిజమో ఈనాడు మీతో కలిసి విచారించదలచాను.

నడకను మనం కాళ్ళ పనిగా భావిస్తాం. కాని కొత్తగా నేర్చుకొనే ఏ కదలికైనా మొదట బుద్ధికి పని. ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ఈ అభ్యాసాన్ని మూడు దశలుగా వివరించారు. మొదటి దశలో ప్రతిదీ ఆలోచించి చేయాలి. రెండవ దశలో తప్పులు తగ్గుతాయి. మూడవ దశలో కదలిక అలవాటుగా మారుతుంది. వాకర్‌ను ముందుకు జరపడం, ఆపరేషన్ అయిన కాలు వేయడం, తరువాత రెండవ కాలు తేవడం మనకు చిన్న విషయమే. ఆ వరుస తప్పకుండా ఉండాలంటే మాత్రం ధ్యాస, జ్ఞాపకశక్తి కావాలి. అవి సన్నగిల్లిన వృద్ధులు మొదటి దశలోనే ఎక్కువ కాలం ఉండిపోతారు. చాలాసార్లు మనం మొండితనమని పిలిచేది దానినే.

1997లో స్వీడన్‌ పరిశోధకులు వృద్ధుల వసతి గృహాలలో 58 మందిని పరిశీలించారు. నడుస్తుండగా మాట కలిపితే 12 మంది నడక ఆపివేశారు. తరువాతి 6 నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. ధ్యాసంతా నడకకే ఖర్చయ్యేవారికి మాటకు మిగలదు. అందుచేత, పెద్దలు నడక సాధన చేస్తుండగా ప్రశ్నలు వేయకండి, ఫోన్ అందించకండి, టీవీ ఆపివేయండి.

మరి జ్ఞాపకం తగ్గినవారికి సాధన వ్యర్థమా? కాదు. 1953లో జరిగిన మెదడు శస్త్రచికిత్స తరువాత హెన్రీ మొలైసన్ అనే అమెరికా దేశస్థునికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకు అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం నేర్పారు. మూడు రోజుల్లో చేయి కుదిరింది. ముందురోజు గీసిన సంగతి మాత్రం ఆయనకు గుర్తు లేదు! ఆయన వృద్ధుడు కాడు, ఆయనది మతిమరుపు వ్యాధీ కాదు. అయినా మనసు మరచినదాన్ని శరీరం నేర్చుకోగలదని ఆ ఉదంతం చాటింది.

ఇక మన సంగతి. ఊళ్ళో ఇంటికి తాళం వేసి, పిల్లల కోసం ఈ బెంగళూరుకు వచ్చిన పెద్దలు మనలో ఎందరో. అటువంటి ఒక అమ్మగారికి నేను అలవాటు కొద్దీ కన్నడంలో, నడుమ ఇంగ్లీషు కలిపి, వ్యాయామం చెప్పాను. ఆమె కదలలేదు. "సూచనలు గ్రహించలేరు" అని కాగితం మీద రాశాను. మరునాడు ఆమె మనవరాలితో తెలుగులో మాట్లాడటం విని, "అమ్మా, గడప దాటినట్టు కాలెత్తి వేయండి" అన్నాను. వెంటనే వేశారు. లోపం ఆమె బుద్ధిలో లేదు, నా భాషలో ఉంది. ఆ రాత కొట్టివేశాను.

కాబట్టి నా మనవి ఇది. చికిత్స మొదలుకాక ముందే పెద్దలకు ఏ భాష వచ్చో, చూపు, వినికిడి ఎలా ఉన్నాయో చెప్పండి. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన బుద్ధిశక్తి పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి, అడగండి. ఆపరేషన్ తరువాత హఠాత్తుగా అయోమయం కనిపిస్తే వైద్యునికి తెలపండి. అది తగ్గిపోయేది కావచ్చు, ఆ ఒక్కరోజును బట్టి తీర్పు చెప్పకండి. ఒకసారి ఒకే సూచన ఇవ్వండి. చేసి చూపండి. రోజూ అదే వేళకు, అదే చోట, అదే మాటతో చేయించండి. తప్పు చేశాక దిద్దడం కంటే, తప్పు జరగకముందే చేయి అందించడం మేలు.

మన చేయి పట్టుకొని నడక నేర్పిన నాడు వారు మన మొండితనాన్ని లెక్కించలేదు. ఈనాడు ఆ ఓర్పు మన వంతు.